గోదావరీ తీర భగీరథుడు – సర్ ఆర్థర్ కాటన్ దొరవారి జీవితము



ప్రతిష్ఠా సంచికలలో స్థలపురాణము, మహర్షుల చరితములు, దాతల నామావళి ఉండుట ఆచారము. వాని నడుమ ఒక ఆంగ్లేయ సైనికోద్యోగి కథకు స్థానమేమని మీలో కొందరికి తోచవచ్చును. గోదావరి డెల్టాలో పుట్టినవారికి మాత్రము ఈ సందేహము రాదు.

నా బాల్యమున వేదాధ్యయనము చేయు దినములలో గురువుగారు మమ్ములను తెల్లవారుజామున కాలువ రేవునకు తీసికొనిపోయి స్నానము చేయించెడివారు. సంధ్యావందనము ముగిసిన పిమ్మట ఒక చిన్న శ్లోకమును మాచేత చెప్పించెడివారు. నిత్యము గోదావరీ స్నానపుణ్యమును మాకు కలుగజేసిన మహనీయుని స్మరించు శ్లోకమది. ఏదో పురాణములోనిదని నేను చాలకాలము అనుకొంటిని. అందులోని భగీరథుడు ఇక్ష్వాకు వంశమువాడు కాడనియు, కాటను దొర అనియు తెలియుటకు కొన్నేండ్లు పట్టినది. నదికి ఆమడల దూరమున నున్న మా వాకిటికి గోదావరి ఎట్లు వచ్చినదో నేనెన్నడును ఆలోచించి యుండలేదు. మీ పిల్లలలో ఎందరు ఆలోచించుచున్నారో మీరే చూచుకొనుడు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించిరి. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. పదునొకండుగురు మగబిడ్డలలో ఈయన పదవవారు. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలయైన ఆడిస్కోంబ్‌లో చేరి, చదువు ముగించి, మద్రాసు ఇంజనీర్ల దళమున నియమింపబడిరి. 1821లో చెన్నపట్టణమున దిగునాటికి వారి వయస్సు పదునెనిమిదేండ్లు. మరుసటి యేడు దక్షిణ జిల్లాల చెరువుల శాఖలో పని దొరకినది. రామేశ్వర యాత్ర చేసిన మీకు పాంబన్ జలసంధి తెలిసియే యుండును. ఓడలు పోవుటకు వీలుగా దానిని లోతు చేయుటకై కొలతలు తీసిన పని కూడ వీరి తొలి యుద్యోగ దినములలోనిదే. నడుమ బర్మా యుద్ధమునకు పోయి వచ్చిరి. ఆ యుద్ధము సంగతులు మనకిక్కడ అవసరము లేదు.

మనకు కావలసిన కథ కావేరీ తీరమున మొదలగును.

శ్రీరంగ క్షేత్రమునకు ఎగువన కావేరి రెండుగా చీలును. దక్షిణపు పాయ కావేరి, ఉత్తరపు పాయ కొళ్ళిడము. ఆ రెంటి నడుమ లంకలో శ్రీరంగనాథుడు పవళించి యున్నాడు. తంజావూరు సీమకు అన్నము పెట్టునది కావేరీ పాయ. కొళ్ళిడము పల్లము, తిన్నని దారి గలది. ఏటేటా నీరు అటే లాగుకొనిపోవుచుండగా కావేరి ఇసుక మేటలు వేసి పూడిపోవుచుండెను. కంపెనీవారు ఏండ్ల తరబడి ఇసుక తీయించుచు మరమ్మతులు చేయించుచుండిరి గాని వ్యాధి కుదురలేదు. 1828 ప్రాంతమున ఈ సమస్యను పరిశీలించు భారము యువకుడైన కాటను మీద పడినది.

ఆయన మొదట చూచినది కల్లణై. శ్రీరంగమునకు దిగువన కావేరిపై నున్న ఆ పురాతన ఆనకట్టను కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి. ఇంచుమించు రెండువేల యేండ్ల నాటిదని చెప్పుదురు. పాశ్చాత్య విద్య చదివిన ఇంజనీరునకు అది వింతగా తోచవలసినదే. ఏలయనగా ఆ కట్టడము క్రింద రాతినేల లేదు. లోతు తెలియని ఇసుకలో పెద్ద పెద్ద బండలను దించగా, అవి తమ బరువునకు తామే క్రుంగి, ఇక క్రుంగుటకు వీలులేని చోట నిలిచినవి. వానిపై మరల బండలు, బంకమట్టి, పైన సున్నపు కట్టు. అంతకు మించిన రహస్యమేమియు లేదు. అయినను ఎన్ని వేల వరదలు దానిపై నుండి పోయినవో లెక్క లేదు. ఇసుకలో పునాది నిలువదని పుస్తకములలో చదువుకొని వచ్చినవాడు, నిలిచియున్న దానిని కన్నులార చూచి, పుస్తకమును ప్రక్కన బెట్టి, పేరు తెలియని ఆ పూర్వ శిల్పుల యొద్ద శిష్యరికము చేసెను. తనకు ఈ విద్య వారి యొద్దనే అబ్బినదని తరువాత తానే ఒప్పుకొనెను. జయించిన జాతివాడు ఓడిన జాతి పనితనమునకు తల వంచుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. కాటను దొర జీవితములో నాకు మిక్కిలి పెద్దదిగా తోచు ఘట్టమిదియే. గోదావరి దీని తరువాతనే.

1836లో శ్రీరంగమునకు ఎగువన కొళ్ళిడము తలపై ఆనకట్ట లేచినది. అదియే నేడు ముక్కొంబు వద్ద యాత్రికులు చూచు పై ఆనకట్ట. తంజావూరు పొలములు తేరుకొనినవి. అయితే పని చేసినవారి పొరపాట్లను కూడ చెప్పవలెను గదా! ఆనకట్ట కట్టిన పిమ్మట కావేరీ పాయలోనికే నీరు అవసరమునకు మించి పోవసాగినది. 1843లో ఆనకట్ట నడిమి భాగమును రెండడుగులు తగ్గింపవలసి వచ్చినది. తరువాత కావేరి ముఖమున అడుగుగట్టు కూడ వేయవలసి వచ్చినది. నదితో వ్యవహారమనగా అట్టిదే. ఒకచోట నొక్కిన మరియొకచోట పైకి లేచును.

ఇదే కాలమున మద్రాసు నగరమునకు రోడ్డు రాళ్ళు చేరవేయుటకై రెడ్ హిల్స్ వద్ద రైలుపట్టాలు వేయించిరి. భారతదేశమున తొలి రైలుమార్గమని దానిని చెప్పుదురు. తరువాత ఆరోగ్యము చెడి, సెలవు తీసికొని, సముద్రముల కావలనున్న టాస్మానియాకు పోయి, అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడి, మరల ఇండియాకు వచ్చి విశాఖపట్టణమున కుదురుకొనిరి.

ఇక మన గోదావరి మాట.

నేడు పచ్చని చేలు చూచుచున్న మీకు ఆనాటి రాజమహేంద్రవరము జిల్లా ఎట్లుండెనో చెప్పినచో నమ్మశక్యము కాదు. ప్రక్కనే నది. ఆ నదిలో వర్షకాలమున సముద్రము వలె నీరు. ఆ నీరంతయు ఉపయోగము లేక బంగాళాఖాతములో కలియుచుండెను. ఒడ్డున ప్రజలు ఒక యేడు వరదకు, ఒక యేడు అనావృష్టికి చచ్చుచుండిరి. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, వచ్చిన కరువులో ఒక్క గుంటూరు సీమలోనే అయిదు లక్షల జనములో రెండు లక్షల వరకు నశించిరని చెప్పుదురు. డొక్కల కరువని ముసలివారు తలచుకొని వణికెడివారట. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచివేసినది. కూలినాలి లేక కుటుంబములు వలసపోయినవి. 1821లో ఈ జిల్లాలో 7 లక్షల 38 వేల జనమున్నట్లును, 1841లో 5 లక్షల 61 వేలకు పడిపోయినట్లును నాటి సర్కారు లెక్కలే చెప్పుచున్నవి. ఇరువదేండ్లలో నలుగురిలో ఒకరు లేకపోయిరి! ఎన్ని దేవాలయములలో దీపమారినదో, ఎన్ని అగ్రహారములు పాడుపడినవో మీరే ఊహించుకొనుడు.

జనము పోయినందుకు కంపెనీవారు ఎంత దుఃఖించిరో నాకు తెలియదు గాని శిస్తు పడిపోయినందుకు మాత్రము కదలిరి. ఈ మాట దాచుట ధర్మము కాదు. కారణములు విచారింపుమని సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించిరి. ఈ జిల్లా పరిస్థితిని, తంజావూరులో కావేరి చేసిన మేలును ఎరిగిన ఆయన, అనుభవజ్ఞుడైన కాటనును ఇచ్చటికి పంపవలెనని సిఫారసు చేసెను. కాటను దొర నదీతీరమంతయు తిరిగి, పల్లమెత్తులు కొలిచి, 1844లో నివేదిక సమర్పించిరి. మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువు దానిని బలపరచెను. 1846లో లండనులోని కంపెనీ పెద్దల అనుమతి వచ్చినది. 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభమైనది.

ఆ స్థలమును ఎన్నుకొనుటలోని తెలివిని కొంచెము గమనింపుడు. పాపికొండల నడుమ ఇరుకుగా వచ్చిన గోదావరి రాజమహేంద్రవరము దాటగానే విశాలమగును. ధవళేశ్వరము వద్ద లంకలతో కూడి ఇంచుమించు నాలుగు మైళ్ళ వెడల్పు. అంత వెడల్పు చోట ఎవరైనను ఆనకట్ట తలపెట్టుదురా? కాని వెడల్పు ఎక్కువైనచో ప్రవాహపు లోతు, ఉరవడి తగ్గును. నడుమ లంకలుండుటచే పనిని నాలుగు భాగములుగా చేసికొనవచ్చును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు తునుకలు కలిపి సుమారు రెండుంబావు మైళ్ళు. జనార్దనస్వామి వెలసిన ఆ ఊరనే ఒడ్డున రాతిగుట్టలున్నవి. అన్నిటికంటె ముఖ్యముగా, డెల్టాకు అది తలవంటిది. అచ్చట నీటిని పండ్రెండడుగులు ఎత్తినచో చాలును, అక్కడి నుండి సముద్రము వరకు వాలు వెంబడి నీరు తనంతట తానే నడచును. ఏతము, గూడ ఏమియు అక్కరలేదు.

అడుగున అంతయు ఇసుక. కావేరి వద్ద నేర్చిన విద్య ఇచ్చట అక్కరకు వచ్చినది. మన దేశపు మేస్త్రీలెరిగిన నూతి పునాదులు కొన్నిచోట్ల దించి వానిపై గోడలు లేపిరి; వెనుక వైపు వేల వేల బండ్ల రాతిని ఇసుకలో వేసి అది క్రుంగినంత క్రుంగనిచ్చి మరల వేసిరి. గుట్ట నుండి రేవు వరకు పట్టాలు పరచి రాతిని దొర్లించిరి, అక్కడి నుండి పడవలపై మోయించిరి. పని చేయుటకు వీలగునది సంక్రాంతి మొదలు వేసవి చివర వరకే. జ్యేష్ఠ ఆషాఢములలో ఎఱ్ఱనీరు వచ్చునప్పటికి కట్టినంత భాగము వరదకు తట్టుకొని నిలువవలెను, లేనిచో ఆ యేటి శ్రమ గంగపాలే. అట్లు ఏటేటా నదితో పందెము.

పనివారిని కూర్చుట పెద్ద చిక్కైనది. కరువుతో ఊళ్ళు ఖాళీయైన దేశము. సర్కారు పనియన్న వెట్టియేమోనని భయపడు జనము. అప్పుడు ముందుకు వచ్చినవారు వీణెం వీరన్నగారు. రాజమహేంద్రవరపు బ్రాహ్మణులు, ఇంగ్లీషు చదివి సర్కారు కొలువున చేరినవారు. ఊరూర తిరిగి జనమునకు నమ్మిక కలిగించి వేలాదిగా కూలివారిని సమకూర్చి, వారి బసలు, కూళ్ళు, జీతములు చూచుకొనిరి. ఆనకట్ట పనిలో తనకు కుడిభుజము వీరన్నయేనని దొరవారు పై అధికారులకు వ్రాసిరి. తరువాత సర్కారు ఆయనకు రాయబహదూరు బిరుదము నిచ్చినది.

1848 నాటికి ఎండదెబ్బతో కాటను దొర మంచము పట్టిరి. మరల టాస్మానియాకు పోక తప్పలేదు. ఆ రెండేండ్లు కెప్టెన్ ఓర్ అను దొర పని నడపెను. 1850లో కాటను తిరిగి వచ్చి మిగిలిన పనిని పూర్తి చేయించిరి. 1852 నాటికి ఆనకట్ట సిద్ధమైనది. నడుమ అంచనాలు మించిపోయెనని చెన్నపట్టణము నుండి ఆక్షేపణల మీద ఆక్షేపణలు. ప్రతి పైసకు సంజాయిషీ. ఏ నిర్మాణమునకైనను పూనుకొని, సొమ్ము చాలక, సగములో ఆగిన గోడల ముందు నిలిచి నిద్ర పట్టని రాత్రులు గడపిన ధర్మకర్తలు, దాతలు మీలో ఉన్నారు. ఆయన కష్టము మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఆనకట్ట కట్టినంత మాత్రమున చేనికి నీరు రాదు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు త్రవ్వవలెను, వానికి లాకులు, తూములు, పంటబోదెలు. ఈ పని ఆనకట్ట ముగిసిన తరువాత కూడ ఏండ్ల తరబడి సాగినది. మెరక మీద కాలువ నడపి రెండు వైపుల పల్లమునకు నీరిచ్చు పద్ధతి వారిది. కాలువలన్నియు పడవలు నడచునట్లు త్రవ్వించిరి. కాకినాడ నుండి ఏలూరునకు, ఏలూరు కాలువ మీదుగా బెజవాడకు, అటుపిమ్మట కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల ద్వారా చెన్నపట్టణము వరకు పడవలో పోవు దినములు వచ్చినవి. ధాన్యము, తాటాకులు, పెండ్లివారు, పుష్కర యాత్రికులు అందరును ఆ దారినే.

నగరము లంక కథ మరియొకటి. నలువైపుల నీరు చుట్టిన ఆ లంకకు కాలువ నీరు పోవలెనన్న వైనతేయ పాయను దాటవలెను. గన్నవరము వద్ద లెఫ్టినెంటు హేగ్ అను యువకుడు 49 కమానులతో వంతెన కట్టి దానిపై కాలువను నడపెను. క్రింద గోదావరి, పైన గోదావరి! ఆ అక్విడక్టు దాదాపు 150 ఏండ్లు పని చేసినది. 2000 సంవత్సరమున దాని ప్రక్కన క్రొత్తది కట్టి, అదే ఊరిలో ఆకలిగొన్నవారికి జీవితాంతము అన్నము పెట్టిన డొక్కా సీతమ్మ తల్లి పేరు పెట్టిరి. ఆమె వండి వడ్డించిన అన్నము ఏ నీటితో పండినదో మీకు తెలిసియే యున్నది.

ధవళేశ్వరము ముగియుచుండగనే కృష్ణానది వంతు వచ్చినది. బెజవాడ వద్ద ఇంద్రకీలాద్రికి సీతానగరము కొండకు నడుమ 1852లో మొదలుపెట్టి 1855లో ముగించిన ఆనకట్టను నిర్మించినవారు ఓర్ దొరవారు. ఆ పనిని పట్టుబట్టి ప్రోత్సహించినవారిలో కాటను ముఖ్యులు.

1861లో ఆయనకు సర్ బిరుదము వచ్చినది. ఆ కాలముననే ఇండియా కొలువు విడిచి స్వదేశము చేరిరి. అటుపై జీవితము వాదములతో గడచినది. ఈ దేశమునకు రైళ్ళకంటె కాలువలు ముఖ్యమని వారి పట్టుదల. నదులనన్నిటిని కాలువలతో కలుపవలెనని పటములు గీసిరి. తుంగభద్ర నుండి సుంకేసుల వద్ద నీరు తీసి కర్నూలు, కడప సీమలకు పంపు కాలువను ఒక ప్రైవేటు కంపెనీ చేత త్రవ్వింపుమని పోరిరి. త్రవ్విరి గాని ఖర్చు అంచనాలను దాటిపోయినది. తేమ నిలుపుకొను నల్లరేగడి నేలల రైతులు డబ్బిచ్చి నీరు కొనుటకు ముందుకు రాలేదు. కంపెనీ దివాలా స్థితికి రాగా 1882లో సర్కారు కొనవలసి వచ్చినది. డెల్టాలో ఫలించిన లెక్క మెట్ట సీమలో ఫలించునని ఆయన తొందరపడి నమ్మిరని నా అభిప్రాయము. అదే కె.సి. కాలువ తరువాతి కాలమున రాయలసీమకు అన్నము పెట్టినదనుట వేరు సంగతి.

ధాత నామ సంవత్సరపు కరువు, అనగా 1876–78 నాటిది, రాయలసీమను శ్మశానము చేసినది. ఆ కరువులో గోదావరి, కృష్ణా డెల్టాలు తాము తినుటయే గాక ఇతర సీమలకు ధాన్యము పంపినవి. ఆనకట్టకు అంతకు మించిన సాక్ష్యము వలదు. అయినను 1878లో పార్లమెంటు వారి సంఘము డెబ్బదియైదేండ్ల ఆ వృద్ధుని పిలిపించి, ఆయన లెక్కలను, ఆశలను గట్టిగా ప్రశ్నించినది. ఆయన పథకములకు అనుకూలముగా తీర్పు రాలేదు.

తుది దినములలో డోర్కింగ్ అను ఊరిలో ఉండి, నేలను లోతుగా దున్ని గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెడివారు. తన మతమున అచంచల నిష్ఠ గల క్రైస్తవుడు. మా వంటి వైదికులు తన పేర అర్ఘ్యము విడుతురని ఎవరైన చెప్పియున్నచో ఏమనుకొనెడివారో! 1899 జులై నెలలో, తొంబదియారేండ్ల వయస్సున, అక్కడనే కన్నుమూసిరి.

పాత ఆనకట్టను తరువాత కొంత ఎత్తు పెంచిరి. నూరేండ్లకు పైగా పని చేసి అది శిథిలము కాగా, 1970లో మొదలిడి 1982 నాటికి 175 తలుపులతో క్రొత్త బ్యారేజి కట్టిరి. పది లక్షల ఎకరములకు నీరిచ్చు ఆ కట్టడమునకు స్వతంత్ర భారత ప్రభుత్వము, తెలుగు ప్రజలు, కాటను పేరే ఉంచిరి. ధవళేశ్వరములో వారి స్మారకముగా ప్రదర్శనశాల కలదు. ప్రతి యేట మే 15న ఊరూర నున్న వారి విగ్రహములకు రైతులు పూలమాలలు వేయుదురు.

మీరు ధవళేశ్వరము పోయినప్పుడు వీణెం వీరన్నగారి పేర నున్న శిలాఫలకమును కూడ చూచి రండి. ఇసుకలో దిగిన ఆ బండలను మోసిన వేలాది కూలివారి పేర్లు మాత్రము ఏ ఫలకముపైనను లేవు. మా రేవులో ఆ శ్లోకము చెప్పి నీరు విడుచునప్పుడు, నేను వారి కొరకు మరియొక దోసిలి విడుచుచున్నాను.